పురుగు తిన్న బంగారు ఆకు

నేను సొంతంగా గీసి, సొంత చేతులతో చేసిన మొదటి హారం తొలిసారి మెడలో పడిన రోజునే తిరగబడింది. దాన్ని చేయించుకున్న మేడమ్‌గారు కొక్కెం తగిలించుకుని అద్దం వైపు రెండడుగులు వేసేసరికి మధ్యలో ఉన్న ఆకులు ఒకదాని తరవాత ఒకటి బోర్లా పడ్డాయి. వారాల తరబడి దిద్దిన ఈనెలు ఆమె చర్మానికి ఆనుకుపోయి, ఎవరు చూస్తారులే అని కాస్త గరుకుగానే వదిలేసిన వెనకవైపు పైకి తేలింది. ఆమె నవ్వేశారు. మాస్టారు నవ్వలేదు, తిట్టనూ లేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన అలా తుడుచుకుంటున్నారంటే పని మొత్తం విప్పి మళ్లీ చేయాలని అర్థమని, ఆయన దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న నాకు తెలుసు.

అప్పటికి నా వయసు ఇరవయ్యారు. ఆ ఆరేళ్లలో మొదటి రెండేళ్లు ఆకురాయి పట్టడం, కమ్మచ్చు అనే చిల్లుల ఉక్కుపలకలోంచి తీగ లాగడం, బల్ల కింద వేలాడే తోలులో పడిన బంగారపు పొడిని కుంచెతో ఊడ్చి డబ్బాలో దాచడం తప్ప మరో పని నాకు అప్పగించలేదు. తరవాత అతుకులు, ఆ తరవాత రాళ్ల గూళ్లు వచ్చాయి. సొంత నమూనా అనేది మాస్టారి నోట వినపడని మాట. అందుకే వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మేడమ్‌గారు ఒక రోజు గుడ్డమూటలో తెగిన గొలుసులూ, జత పోయిన కమ్మలూ, వాటితోపాటు ఒక నోటుపుస్తకమూ తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, ఆయన ఆ పుస్తకాన్ని నా వైపు జరపడం నాకు ఇప్పటికీ కలలాగే ఉంటుంది. పుస్తకంలో కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టిన దొండతీగ ఉంది.

“నగల పుస్తకాల్లో వచ్చే తీగ నాకొద్దమ్మా. మా గోడ మీద ఉన్న తీగే నా మెడలోకి రావాలి,” అన్నారామె.

దొండేమిటి, మల్లెతీగో మాధవీలతో అయితే అందంగా ఉంటుంది కదా అని నేను నసిగాను. దానికామె చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “కవులు పెదవులతో పోల్చడానికి దొండపండు ఒక్కటీ కోసుకుపోయి తీగను అక్కడే వదిలేశారు. ఆ మిగిలినదాన్నే నువ్వు చెయ్యి.”

ఒప్పుకున్నాక నన్ను మొదట మోసగించింది మన భాషే. పందిరి మీద పాకేదీ తీగే, కమ్మచ్చులోంచి లాగేదీ తీగే. పువ్వుకు ఉండేదీ రేకే, దాగలి మీద సాగగొట్టేదీ రేకే. మాటలు ఒక్కటే కనుక వస్తువులూ ఒక్కటే అన్న భ్రమలో, తీగను తీగతోనూ రేకును రేకుతోనూ చేసేస్తే హారం దానంతటదే పూస్తుందనుకున్నాను. మూడు వారాలు కూర్చుని గీసిన మొదటి బొమ్మ నిజానికి దొండతీగ కాదు, అంతకుముందు నేను చూసిన నగలన్నిటిలోని మెలికల కలగాపులగం. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ ఒక నులితీగ చుట్టాను, ఎక్కడ బరువు తగ్గిందనిపిస్తే అక్కడ రెండు ఆకులు ఎదురెదురుగా అతికించాను.

మేడమ్‌గారు ఆ బొమ్మను విద్యార్థి జవాబుపత్రంలా దిద్దారు. దొండ ఆకులు జంటగా రావు, కణుపుకు ఒక్కటి చొప్పున, ఒకటి ఇటుంటే తరవాతిది అటు వస్తాయి. నులితీగ ఎక్కడపడితే అక్కడ పుట్టదు, కణుపు దగ్గర ఆకు కాడ పక్కనుంచే వస్తుంది, కొన్ని తీగల్లో లాగా చీలికలుగా కాకుండా ఒంటిగా వస్తుంది. ఇంకా పెద్ద తప్పు పువ్వులో దొరికింది. దొండలో మగపూలు ఒక మొక్కకు, ఆడపూలు వేరొక మొక్కకు పూస్తాయట. ఒకే తీగకు పువ్వూ కాయా రెండూ చూపించాలంటే అది ఆడతీగే కావాలి. ఆడపువ్వయితే తెల్లని అయిదు రేకుల కింద, తొడిమకూ పువ్వుకూ నడుమ, కందిగింజంత పిందె ముందే ఉండాలి. నా పువ్వుకు ఆ పిందె లేదు. నేను సిగ్గుతో తల వంచుకుంటే మాస్టారు మాత్రం మొదటిసారి ఆ సంభాషణలో ముందుకు వంగి, “అయితే మర దాచుకోవడానికి చోటు దొరికింది,” అన్నారు. రాయి ఉన్న ఏ భాగాన్నీ ఊడదీయడానికి వీల్లేకుండా అతకకూడదన్నది ఆయన నియమం. అతుకు వేడి రాయికి పడదు కాబట్టి, రేపు బాగుచేయాల్సి వస్తే రాళ్లున్న భాగం విడిగా రావాలి. పువ్వు కింది పిందెను బోలుగా చేసి, దాని లోపల సన్నని మరతో పువ్వును తీగకు బిగించాలని అప్పుడే నిర్ణయమైంది. ఆ పిందె తరవాత నన్ను ఎంతగా కాపాడిందో ముందు ముందు చెబుతాను.

మూటలోని పాత బంగారాన్ని నేరుగా మూసలో వేసి కరిగించలేదు. పాత నగల్లో ఏళ్లనాటి టంకం ఉంటుంది, అది కలిసిన కడ్డీ సుత్తి కింద పగుళ్లు బారుతుంది. అందుకని ముందు శుద్ధి చేయించి, మేలిమిగా మార్చి, ఆ పైన మాకు కావలసినట్టు కలుపుకున్నాం. ఇక్కడ రంగుకూ గుణానికీ మధ్య ఒక పేచీ వచ్చింది. 18 కేరట్ల బంగారంలో నూటికి 75 పాళ్లు బంగారం, మిగిలిన 25 పాళ్లలో ఏం కలుపుతామన్నదాన్ని బట్టి దాని స్వభావం మారిపోతుంది. ఆ 25 పాళ్లూ వెండే అయితే బంగారం లేత ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది, సుత్తికి వెన్నలా లొంగుతుంది. రాగి తగినంత కలిస్తే రంగు వెచ్చబడి, గట్టిదనమూ తిరిగి లేచే గుణమూ వస్తాయి. ఆకుల కోసం నాకు ఆ పచ్చఛాయ కావాలి, నులితీగలకు మాత్రం స్ప్రింగులాంటి బిగువు కావాలి. రెండు కలపడాలు చేసి, ఆకులకు వెండిది, నులితీగలకు రాగి కలిసినది వాడాం. రాళ్ల గూళ్లకు మాత్రం మేలిమి బంగారపు పట్టీనే తీసుకున్నాం, ఎందుకంటే రాయి మీదికి వంచేటప్పుడు ఆ మెత్తని లోహం ఎదురుతిరగదు.

రాళ్ల దగ్గర నేను అదృష్టవంతురాలిని అని చెప్పాలి. ఆరు పచ్చికాయలకు ఆకుపచ్చ టూర్మలిన్లు దొరికాయి. టూర్మలిన్ స్ఫటికం సహజంగానే పొడవాటి కడ్డీలా పెరుగుతుంది, పొడవునా గీతలు ఉంటాయి, కొన్నిటి లోపల సన్నని గొట్టాల్లాంటి తెల్లని చారలు కూడా నిలువునా సాగుతాయి. పలకలు తీసే రాళ్లలో వాటిని లోపంగా లెక్కగట్టి పక్కన పెడతారు. దొండకాయ మీదా సరిగ్గా అలాంటి తెల్లని చారలే ఉంటాయని తెలిసిన నాకు ఆ పక్కన పెట్టిన గుట్టలోనే కావలసినవన్నీ కనిపించాయి. సానపట్టే ఆయనకు ఒక్క మాటే చెప్పాను, కాయ పొడవు స్ఫటికం పొడవు వెంబడే ఉండాలని. టూర్మలిన్‌ను అడ్డంగా చూస్తే ఒక రంగు, కొస వైపు నుంచి చూస్తే అంతకన్నా బాగా ముదురు రంగు కనబడుతుంది కనుక, దిశ మారితే లేతకాయ కాస్తా నల్లబడిపోతుంది. 12 మిల్లీమీటర్ల పొడవుతో, పలకలు లేకుండా నున్నగా, నిండుగా వచ్చాయి అవి.

ఏడోది పండిన కాయ. దానికి కెంపే పెట్టాలని మేడమ్‌గారి కోరిక. మాస్టారు ఒక ఎర్రని స్పినెల్ తీసి చూపించి, కెంపుకన్నా ఇదే దొండపండు రంగు, కెంపులో ఉండే ఆ కొద్దిపాటి ఊదా ఇందులో లేదు చూడండి అన్నారు. ఆమెకు స్పినెల్ అన్న పేరు తక్కువగా వినిపించింది. అప్పుడాయన, బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగంలో ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ అని పేరుపడ్డ పెద్ద ఎర్రరాయి నిజానికి స్పినెలేనని, శతాబ్దాలపాటు రాజులే దాన్ని కెంపనుకున్నారని చెప్పేసరికి ఆమె వెంటనే ఒప్పుకున్నారు. కిరీటం పేరు చెప్పి ఒప్పించడం నాకు అప్పుడు కొంచెం అన్యాయంగా తోచింది కానీ, రాయి విషయంలో ఆయన తీర్పే సరైనది.

పువ్వులు మూడు. ఒక్కో పువ్వుకు అయిదు రేకులు, ప్రతి రేకూ ఒక చంద్రకాంత శిల. ఆ రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం రెండు రకాలుగా పలచని పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి, వాటి మధ్య వెలుగు చెదిరి ఆ నీలిపాల మెరుపు పుడుతుంది. రాయి అడుగును ఆ పొరలకు సమాంతరంగా కోస్తేనే మెరుపు నడినెత్తిన నిలుస్తుంది, లేకపోతే ఒక పక్కకు జారిపోతుంది. ఆ పొరల వల్లే అది అందంగానూ ఉంది, ఆ రాయికి ఉన్న చీలే గుణం వల్లే నాకు ప్రాణాంతకంగానూ తయారైంది. పదిహేను రేకుల్లో మూడు నా చేతిలోనే చీలాయి. మూడోసారి జరిగింది ఇంకా కళ్లకు కట్టినట్టుంది. గూడు అంచును కొన దగ్గర మడుస్తూ, ఇంకొక్క నొక్కు చాలనుకుని చేతిని ముందుకు తోశాను. చప్పుడు కూడా కాలేదు. పాలమీగడ మీద వెంట్రుక పడ్డట్టు రాయి లోపల ఒక సన్నని గీత వెలిగింది, మెరుపు ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. “ఇంకొక్కటి అనిపించినప్పుడు చెయ్యి ఎత్తెయ్యాలమ్మా,” అని మాత్రం అన్నారు మాస్టారు, మరో రాయి పొట్లం విప్పుతూ.

ఆకుల పని గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆ నెలన్నర నా జీవితంలో అత్యంత ప్రశాంతమైన కాలం. 0.35 మిల్లీమీటర్ల రేకు మీద ఎండిన ఆకును పెట్టి గీసి, సన్నరంపంతో అయిదు మొనల ఆకారం కోసి, వేడిచేసి మెత్తబరచిన లక్క మీద బోర్లించి, వెనకనుంచి మొద్దు ఉలితో కొట్టి ఉబ్బించేదాన్ని. తరవాత తిప్పి, ముందువైపు నుంచి ఈనెల పక్కల లోతు దించేదాన్ని. సుత్తిదెబ్బలకు బంగారం బిరుసెక్కుతుంది. అప్పుడు లక్కలోంచి తీసి, ఎర్రబడీ ఎర్రబడనట్టు కాల్చి, చల్లార్చి, పలచని గంధకామ్లంలో ముంచి కడిగి, మళ్లీ లక్క మీద పెట్టాలి. ఒక్కో ఆకుకు మూడు నాలుగు సార్లు ఇదే వరస. అంత పలచని రేకు వేలితో తాకితే వంగిపోయేది. ఈనెలు తేలిన తరవాత అదే రేకు నిటారుగా నిలబడేది. మడత పెట్టిన కాగితం నిలబడినట్టే ఇదీ. ఆకుకు ఈనె అలంకారం కాదు వెన్నెముక అని మేడమ్‌గారు చెప్పిన పాఠం ఆ రోజుల్లో నా వేళ్లకు అర్థమైంది.

ఆకు మీద మోజు బంగారపు పనిలో కొత్తదేమీ కాదు. ఇరాక్‌లోని ఉర్ నగర తవ్వకాల్లో 1920లలో లియొనార్డ్ వూలీ బృందం బయటపెట్టిన పూఆబి రాణి తలకట్టులో వరసలు వరసలుగా పలచని బంగారు ఆకులు వేలాడుతుంటాయి, వాటి వయసు సుమారు 4,500 ఏళ్లు. దాని ఫొటో ఒకటి మాస్టారి బల్ల పైన గోడకు అతికించి ఉండేది. ఆ ఆకులకూ మధ్యలో ఈనె ఉంటుంది. విసుగొచ్చినప్పుడల్లా తలెత్తి దానివైపు చూసేదాన్ని. ఆ రోజున సుత్తి పట్టినవాడికి కూడా రేకు పలచబడిన కొద్దీ గుండె దడదడలాడే ఉంటుంది.

నాకు దడ పుట్టింది పదకొండో ఆకు దగ్గర. కాడను అతకడానికి వెలిగారం రాసి, టంకం ముక్క పెట్టి, మంటను చుట్టూ తిప్పుతున్నాను. మంట ఎప్పుడూ బరువైన భాగం మీద ఉండాలి, పలచని అంచు దానంతటదే వేడెక్కుతుంది. ఆ సంగతి తెలిసీ క్షణం పాటు చూపు తప్పింది. ఆకు కుడి మొన అంచు అద్దంలా మెరిసి, ముడుచుకుని, చిన్న గుండులా వెనక్కి దొర్లింది. రెండు రోజుల పని పోయింది. నేను ఆకును శ్రావణంతో పట్టుకుని తుక్కు డబ్బాలో వేయబోతుంటే మాస్టారు చెయ్యి చాచారు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, సన్నని గుండ్రటి ఆకురాయి తీసుకుని, కరిగిన చోట ఒకటి, దాని పక్కనే ఇంకొంచెం చిన్నది ఒకటి, అర్ధచంద్రాకారంలో రెండు గాట్లు కోశారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నా చేతిలో పెట్టి, “పురుగు తినేసింది,” అన్నారు.

మేడమ్‌గారు ఆకులన్నిటినీ బల్ల మీద పరచి చూసినప్పుడు మొదట పట్టుకున్నది దాన్నే. ఏ పురుగు అని అడిగారు. మాస్టారు తడుముకుని పెంకుపురుగన్నారు. “పెంకుపురుగైతే మధ్యలో చిల్లులు పెడుతుంది మాస్టారూ, అంచును ఇంత నున్నగా కొరికేది గొంగళిపురుగు,” అని సరిదిద్ది, ఆ ఆకు హారంలో కుడివైపు, అందరికీ కనిపించేచోట ఉండాలని పట్టుబట్టారు.

ఇక నులితీగలు. పందొమ్మిది ఆకుల మధ్య పద్దెనిమిది నులితీగలు, హారానికి కీళ్లు అవే. కమ్మచ్చులో 0.4 మిల్లీమీటర్ల దాకా లాగిన తీగను ఉక్కుపుల్ల చుట్టూ చుట్టి, చుట్టలను ఆకుల కాడలకు అతికాను. చూపుకు ఎడమసగం కుడిసగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి కాబట్టి ఎడమవైపు చుట్టలన్నీ ఒక దిక్కుకు, కుడివైపువన్నీ దానికి ఎదురు దిక్కుకు తిప్పాను. ఆ ప్రతిబింబమే కొంప ముంచింది. ఏ చుట్టనైనా కొసలు పట్టి లాగితే అది సాగుతూ కొంచెం విప్పుకుంటుంది, విప్పుకుంటూ తన కొసను తిప్పుతుంది. రెండు వైపులా చుట్టలు ఎదురెదురు దిక్కుల్లో ఉండడంతో, హారం మెడ మీద సాగినప్పుడు రెండు వైపుల తిప్పుడూ కలిసి మధ్యలోని ఆకుల మీదే పడింది. దానికితోడు అతుకు వేడికి తీగలోని బిగువంతా చచ్చిపోయింది. స్ప్రింగులా వెనక్కి రావలసిన చుట్ట, కొక్కెం తగిలించేటప్పుడు లాగిన లాగుడుకే సాగి అక్కడే నిలిచిపోయింది.

విప్పి, రెండో విడత చుట్టలన్నీ ఒకే దిక్కుకు తిప్పి చూశాం. మధ్య ఆకులు కుదురుకున్నాయి కానీ పక్క ఆకులు ఎడమవి ఒక రకంగా, కుడివి ఒక రకంగా కత్తి అంచుల్లా లేచి నిలబడ్డాయి. ప్రతిసారీ పువ్వులను మర తిప్పి తీసి, కాయలను వలయాల నుంచి విడదీసి పక్కన పెట్టగలిగాను కాబట్టి రాళ్లు మంటకు దూరంగా క్షేమంగా ఉన్నాయి. ఆ పిందెలే లేకపోతే ఇంకెన్ని చంద్రకాంతాలు చీలేవో.

మూడో ప్రయత్నానికి ముందు మేడమ్‌గారు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఒక ముదురు నులితీగను చూపించి, చుట్లు వేలితో తడుముతూ లెక్కపెట్టమన్నారు. ఒక కొస కణుపుకు, ఇంకో కొస మేకుకు చుట్టుకున్న నులితీగ అది. మేకు వైపు నుంచి అయిదు చుట్లు ఒక దిక్కుకు తిరిగాయి. ఆ తరవాత చిన్న తిన్నని ముక్క. దాని అవతల అయిదు చుట్లు ఎదురు దిక్కుకు. పక్కదాన్ని చూశాను, అదీ అంతే. నెలల తరబడి రోజూ చూస్తూ బొమ్మలు గీసిన తీగలో నేను ఒక్కసారి కూడా చూడని సంగతి అది. రెండు కొసలూ పట్టు చిక్కి ఇక తిరగలేని స్థితిలో ఉన్నప్పుడు నడుమ మెలిక పడాలంటే, ఒకవైపు ఎన్ని చుట్లు పడితే రెండోవైపు అన్ని ఎదురుచుట్లు పడక తప్పదు. లెక్క సున్నాకు సరిపోవాలి. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల మీద రాసిన పరిశీలనల్లో దీన్ని వివరించాడని ఆమె చెప్పారు. నాకు మాత్రం ఆ క్షణంలో డార్విన్ కన్నా హారమే కళ్ల ముందు మెదిలింది. ప్రతి నులితీగలోనూ సగం ఇటు, సగం అటు తిరిగితే, లాగినప్పుడు ఒక సగం తిప్పినదాన్ని రెండో సగం విప్పేస్తుంది, ఆకు కదలదు.

చేసే పద్ధతి కూడా తీగే చెప్పింది. తిన్నని తీగ రెండు కొసలకూ ముందే ఆకుల కాడలు అతికేశాను, కాబట్టి ఆ తరవాత మంట అవసరమే లేదు. అతుకు దగ్గర మెత్తబడిన తీగను మళ్లీ బిగువెక్కేలా సాగదీశాక, రెండు కాడలనూ చెక్కబిళ్లల్లో బిగించాను. ఆ బిళ్లలు గాడిలో ముందుకు జరగగలవు కానీ తిరగలేవు. కొసన నిలువు చీలిక పెట్టిన ఉక్కుపుల్లను మాస్టారు చేసిచ్చారు. తీగ నడిమధ్య భాగాన్ని ఆ చీలికలో ఇరికించి పుల్లను మెల్లగా తిప్పితే, రెండు వైపుల నుంచీ తీగ దాని మీదికి చుట్టుకుంటూ వచ్చింది, ఎడమసగం ఎడమకు పాకుతూ, కుడిసగం కుడికి పాకుతూ. బిళ్లలు ఒకదానివైపు ఒకటి జరిగాయి. అయిదు చుట్లు పడ్డాక పుల్లను వెనక్కి లాగితే తీగ చీలికలోంచి జారి బయటపడింది. మధ్యలో ఆ చిన్న తిన్నని ముక్క, అటూ ఇటూ ఎదురెదురు చుట్లు. గోడ మీదిదానికీ దీనికీ రంగు తప్ప తేడా లేదు. కొసలు పట్టుకుని లాగి వదిలాను. సాగి, ఎటూ తిరగకుండా, తన చోటికి తాను వచ్చి కూర్చుంది. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకోలేదు.

మెరుగు పెట్టడం నాలుగు రోజుల పని, దాని గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు. ఆకుల వీపును కూడా ఈసారి నున్నగా చేశానని మాత్రం చెబుతాను. రాళ్లు కాక 39 గ్రాములు తూగింది. మేడమ్‌గారు వేసుకుని, మెడ తిప్పి, వంగి, కావాలని రెండు గెంతులు గెంతి చూశారు.

పద్నాలుగేళ్ల తరవాత ఆ హారం మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. మాస్టారు అప్పటికి లేరు. ఆ బల్లా, ఆ తోలూ, పూఆబి రాణి ఫొటో నాకు మిగిలాయి. మేడమ్‌గారు చేతికర్ర ఆనించుకుని కూర్చుని, మూత తెరిచి, మాట్లాడకుండా నా వైపు జరిపారు. చంద్రకాంతాల మీద సన్నని గీతలు పడ్డాయి, అది ఊహించినదే, ఆ రాయి అంత గట్టిది కాదు. నులితీగలు పద్దెనిమిదీ చెక్కుచెదరలేదు. పదకొండో ఆకు దగ్గర నా వేలు ఆగిపోయింది. అంచు నిండుగా ఉంది. మెరుగు కోసం ఎక్కడో ఒక దుకాణంలో ఇస్తే, అక్కడివారు ఆకు విరిగిందనుకుని, మంచి మనసుతోనే, ఆ రెండు గాట్లనూ పసుపు బంగారంతో పూడ్చి నున్నగా అరగదీసి ఇచ్చారట. లేతపచ్చ ఆకు మీద ఆ పసుపు ముక్క కట్టుడుపన్నులా మెరుస్తోంది.

“మళ్లీ తినిపించు,” అన్నారు మేడమ్‌గారు.

సొరుగులోంచి మాస్టారి గుండ్రటి ఆకురాయి తీశాను. ఆకును బల్లచెక్కకు ఆనించి, పూడ్చిన చోట నడిమధ్య పెట్టి మెల్లగా తోశాను. పసుపు పొడి తోలులోకి రాలింది. మొదటి గాటు లోతు కుదిరింది, పక్కనున్న చిన్నదీ కుదిరింది. పూడ్చిన బంగారం ఇంకా అంచు వెంబడి వెంట్రుకంత మందాన పసుపుగీతలా మిగిలి ఉంది. దాన్నీ తీసేద్దామని ఆకురాయిని మళ్లీ ఆనించబోయాను.

ఆమె కర్రతో బల్లను తట్టారు. “అక్కడ ఆపమ్మా. పురుగు కొరికినచోట ఆకు అంచు ఎండి అలాగే పండుతుంది.”

నేను చెయ్యి ఎత్తేశాను.